చివరి రాత్రి దగ్గర మొదలుపెట్టకు

తెనాలి

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నలభై పేజీలూ చదివాను. ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదు. మనవడి చేత ప్రింటు తీయించుకుని, వరండాలో పడక్కుర్చీ వేసుకుని, ఎర్రపెన్ను దగ్గర పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఆస్ట్రేలియాలో, ఆ పెర్త్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఎవరూ అడక్కుండానే, ఏసీ/డీసీ అనే అక్కడి రాక్ బ్యాండులో పాడిన బాన్ స్కాట్ జీవితాన్ని తెలుగులో రాయడానికి కూర్చున్నావంటే ముచ్చటేసింది. 'మనవాళ్లు ఎవరు చదువుతారు మాస్టారూ?' అని ఉత్తరం చివర అడిగావు. ఆ ప్రశ్న నన్నా అడగడం? నేను రాసిన హార్మోనిస్టు జీవితచరిత్ర అయిదొందల కాపీలు వేస్తే మూడొందలు ఇప్పటికీ మా అటక మీదున్నాయి. ఎలకలు మాత్రం శ్రద్ధగా చదువుతున్నాయి.

సరే, అసలు సంగతి. నీ మొదటి పేజీ మొత్తం కొట్టేశాను. బాగాలేక కాదు, బాగుండబట్టే.

1980 ఫిబ్రవరి 19, లండన్‌లో చలి, ఈస్ట్ డల్విచ్‌లో ఒక ఇంటి ముందు ఆపిన రెనో 5 కారు, అందులో ప్రాణం పోతున్న ముప్పై మూడేళ్ల బాన్. చదివినవాడు పేజీ తిప్పుతాడు, కాదనను. కానీ ఆ ఒక్క పేజీ మిగతా ముప్పై తొమ్మిదింటినీ పాడుచేసింది. మూడో పేజీలో అతను పెరిగిన ఫ్రీమాంటిల్ కుర్రాళ్లు బీరు తాగితే 'అప్పుడే ఆ నీడ పడింది' అన్నావు. పదకొండో పేజీలో మోటార్‌సైకిల్ యాక్సిడెంటు దగ్గర 'మృత్యువు మొదటిసారి పలకరించింది' అన్నావు. ఇరవైలో మళ్లీ పలకరించింది. ఆ మృత్యువుకి వేరే పనేమీ లేదా తల్లీ?

1974 మే 3న అడిలైడ్‌లో ఆ యాక్సిడెంటు అయింది. రిహార్సల్లో గొడవపడి, కోపంగా బండెక్కి పోయాడు. ఎముకలు విరిగాయి, పళ్లు పోయాయి, మూడు రోజులు స్పృహ లేదు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు. చేతిలో నిలకడైన బ్యాండు లేదు, పెళ్లి నిలబడేలా లేదు. ఇంకో నాలుగైదు నెలల్లో ఏసీ/డీసీలో చేరబోతున్నానని ఆసుపత్రి మంచం మీద అతనికి తెలీదు. ఆరేళ్లు కూడా తిరక్కుండా పోతానని అసలే తెలీదు. నీకు తెలిసిన ఆ రెండూ అతనికి తెలీవు. ఆ తెలియనితనాన్ని పేజీ మీద నిలబెట్టు. పాఠకుడికి ముగింపు తెలిసే ఉంటుంది, తెలిసినా మరిచిపోవాలి. అలా మరపించడమే నీ పని.

నేనీ తప్పు చేసే నేర్చుకున్నాను. ఆ హార్మోనిస్టు పద్యనాటకాల వాడు. ఒక రాత్రి నాటకం అయ్యాక తాగి, కాలవగట్టు మీద పడిపోయి, తెల్లారేసరికి పోయాడు. నేనూ అక్కడే మొదలుపెట్టాను: కాలవగట్టు, మంచు, పెట్టెలో నిద్రపోతున్న హార్మోనియం. అందరూ మెచ్చుకున్నారు. పుస్తకం పట్టుకుని వాళ్లమ్మాయి ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది. వారం తర్వాత మళ్లీ వెళ్తే పుస్తకం తిరిగిచ్చింది. 'మా నాన్న యాభై నాలుగేళ్లు బతికాడండీ. మీరు ఒక్క రాత్రి రాశారు' అంది. కాసేపాగి, 'రీడ్ల సంగతి రాశారా?' అని అడిగింది. ఏ రీడ్లు? ఆయన హార్మోనియం ఎవరికీ రిపేరుకు ఇచ్చేవాడు కాదట. మధ్యాహ్నం పూట అరుగు మీద పైపలక ఊడదీసి, ఇత్తడి రీడ్లను సన్న ఆకురాయితో ఒక్కో గీత గీకుతూ, తంబూరా పక్కన పెట్టుకుని శ్రుతి సరిచూసుకునేవాడట. కొస దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఆమె ఎనిమిదేళ్ల పిల్లగా పక్కన కూర్చుని రాలిన ఇత్తడి పొడి ఊదేదట. నేను ఆ ఇంటికి పదిసార్లు వెళ్లాను, చావు గురించే అడిగాను. ఆకురాయి ఎదురుగా గూట్లోనే ఉంది.

ఇప్పుడు నీ పేజీల లెక్క చూడు. బాన్ స్కాట్ బ్యాండుల్లోకి వచ్చింది 1964లో, స్పెక్టర్స్‌లో డ్రమ్ములు వాయించడానికి. మధ్యమధ్యలో పాడేవాడు. 1966లో వాలెంటైన్స్. అందులో విన్స్ లవ్‌గ్రోవ్, ఇతనూ ఇద్దరూ ముందు నిలబడి పాడేవాళ్లు. 1970 నుంచి అడిలైడ్‌లో ఫ్రెటర్నిటీ. ఇంగ్లండు వెళ్లి, అక్కడ ఎవరూ పట్టించుకోక, 1973లో తిరిగొచ్చాడు. ఏసీ/డీసీలో చేరింది 1974 చివర్లో. అంటే పదహారేళ్ల సంగీత జీవితంలో ప్రపంచానికి తెలిసిన బ్యాండు అయిదున్నరేళ్లే. దానికి ముందు పదేళ్లున్నాయి. ఆ పదేళ్లకు నువ్విచ్చింది పేజీన్నర! అతను ఏసీ/డీసీ పెట్టిన గిటారు అన్నదమ్ములు మాల్కమ్, ఆంగస్ యంగ్‌ల పక్కకి వచ్చేసరికి అతనికి ఇరవై ఎనిమిది, మాల్కమ్‌కి ఇరవై ఒకటి, ఆంగస్‌కి పందొమ్మిది. ఆ కుర్రాళ్ల ముందు వాలెంటైన్స్ రోజుల లేసు చొక్కాలు, ఫ్రెటర్నిటీ రోజుల గడ్డం, ఎరువుల ఫ్యాక్టరీలో కూలిపని, ఇవన్నీ మోసుకొచ్చిన మనిషి నిలబడ్డాడు. ఆ పాటల్లో వినిపించే గొంతు ఆ పదేళ్లలో అరిగి తయారైన గొంతు. పేజీన్నరలో గొంతు అరగదు.

ఇంకా వెనక్కి వెళ్లు. బాన్ స్కాట్ పదిహేనేళ్లకే బడి మానేశాడు. పొలంలో కూలీగా చేశాడు. క్రేఫిష్ పడవ మీద పనిచేశాడు (పడమటి ఆస్ట్రేలియాలో క్రేఫిష్ అనేది లాబ్‌స్టర్‌నే, మన చెరువు రొయ్య కాదని పాఠకుడికి ఒక ముక్క చెప్పు). ఆ తర్వాత కొన్నాళ్లు తూకం మిషన్లు బాగుచేసే మెకానిక్కు. ఆఖరి సంగతి నువ్వు అరవాక్యంలో దాటేశావు. నేను అక్కడే ఆగిపోయాను.

ఎందుకో చెప్తాను. నా చిన్నప్పుడు మా మార్కెట్టుకి ఏటా తూనికలు కొలతల వాళ్లు వచ్చి ముద్రలు వేసేవాళ్లు. వాళ్లు వచ్చే వారం ముందు కాటాలు బాగుచేసే ఆయన సైకిలు మీద దిగేవాడు. గోనెపట్టా పరిచి, పళ్లేలు దించి, దండె కూర్చునే ఇనప అంచు మీద తుప్పు కిరసనాయిల్ గుడ్డతో తుడిచేవాడు. రెండు పక్కలా ఒకే బరువు రాళ్లు పెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు. చుట్టూ చేరిన పిల్లలం మేమూ ఊపిరి బిగబట్టేవాళ్లం. ఫ్రీమాంటిల్ రేవుపట్నం. గోధుమలు, ఉన్ని, చేపలు, అన్నీ తూకం మీద నడిచే సరుకులే. అక్కడ అరవైల్లో ఈ పని చేసే కుర్రాడి రోజు ఎలా ఉండేది? ఏ సామాన్లు పట్టుకెళ్లేవాడు? రేవు లోపలికి పోనిచ్చేవారా? ఆ పని చేసిన ముసలాళ్లు ఇంకా ఎవరో ఒకరు ఉంటారు. వెళ్లి అడుగు. అడిగి రాసేటప్పుడు మాత్రం 'బాన్ పొద్దున్నే లేచి బరువులు సంచిలో వేసుకున్నాడు' అని రాయకు. అది నవల. 'ఆ పని చేసేవాళ్లు పొద్దున్నే ఇలా బయల్దేరేవాళ్లు' అని రాయి. ఈ రెండు వాక్యాల మధ్య తేడా దగ్గరే చరిత్రకారుడి నిజాయితీ ఉంటుంది. నీ పేజీల్లో ఈ గీత అయిదారు చోట్ల దాటావు. పెన్నుతో గుండ్రం చుట్టి పెట్టాను.

బ్యాగ్‌పైపుల ముక్క నాకు అన్నిటికన్నా నచ్చింది. నచ్చిందానికే ఎక్కువ తిట్లు, అలవాటేగా నీకు.

కథ ఏమిటి? తండ్రి చిక్ స్కాట్ స్కాట్లండ్‌లో ఉన్నప్పటి నుంచీ, బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు కలిసి వాయించే పైప్ బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. కుటుంబం 1952లో ఓడెక్కి మెల్‌బోర్న్ దగ్గర సన్‌షైన్‌లో దిగింది, 1956లో ఫ్రీమాంటిల్ వచ్చింది. అక్కడి స్కాటిష్ పైప్ బ్యాండులో తండ్రితో పాటు పిల్లాడూ చేరాడు. వాయించింది డ్రమ్ము. బ్యాగ్‌పైపు కాదు. ఇరవై ఏళ్ల తర్వాత సిడ్నీలో ఆల్బర్ట్ స్టూడియోలో ఏసీ/డీసీ పాట రికార్డు చేస్తున్నారు. నిర్మాతలు హ్యారీ వాండా, జార్జ్ యంగ్. జార్జ్ అంటే మాల్కమ్, ఆంగస్‌లకి పెద్దన్న, ఈజీబీట్స్ అనే బ్యాండులో పేరు తెచ్చుకున్నవాడు. బాన్ పైప్ బ్యాండు మనిషని విని, అయితే ఈ పాటలో బ్యాగ్‌పైపు పెడదాం అన్నాడు. నేను డ్రమ్మరునే, పైపు ఊదడం రాదు అని చెప్పాల్సిన చోట ఇతను వాద్యం కొనుక్కొచ్చి, కిందామీదా పడి పాటకి సరిపడా నేర్చుకున్నాడు. 'ఇట్స్ ఎ లాంగ్ వే టు ది టాప్' అలా పుట్టింది. 1976 ఫిబ్రవరి 23న మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ వీధిలో బల్లలారీ మీద బ్యాండు, చుట్టూ నిజం పైపర్లు, మధ్యలో బ్యాగ్‌పైపు పట్టుకుని ఇతను. అక్కడి ప్రభుత్వ ఏబీసీ టీవీలో 'కౌంట్‌డౌన్' పాటల కార్యక్రమం కోసం తీసిన ఆ నాలుగైదు నిమిషాల దృశ్యం ఇప్పటికీ జనం చూస్తున్నారు. ఆ ఏడాదే సెయింట్ ఆల్బన్స్‌లో ఒక హైస్కూల్లో కచేరీ జరుగుతుండగా బ్యాగ్‌పైపు స్టేజీ మూల పెడితే పిల్లలు పీకి పాకం పెట్టారు. ఆ తర్వాత స్టేజీ మీద టేపు, లేకపోతే ఆంగస్ గిటారు.

నువ్వు ఏం చేశావంటే, 1956 దగ్గరే 'ఈ డ్రమ్మే తర్వాత ఒక మహత్తర అపార్థానికి కారణం అవుతుంది' అని చెప్పేశావు. ఎందుకమ్మా ఆ తొందర? పదేళ్ల పిల్లాడు తండ్రి పక్కన కిల్టు (స్కాట్లండ్ వాళ్ల గళ్ల లంగా) కట్టుకుని సైడ్‌డ్రమ్ము మెడకి తగిలించుకుని నడుస్తున్నాడు. అంతే రాయి. డ్రమ్ము కింది తోలుకి ఆనించిన తీగలు జరజరమనే చప్పుడు రాయి, కర్రలు ఎంత దగ్గరగా పడతాయో రాయి. సిడ్నీ స్టూడియో వచ్చినప్పుడు 'అయ్యో, అతను వాయించింది డ్రమ్ము కదా!' అని పాఠకుడే అనుకోవాలి. ఆ మాట వాడి నోట్లోంచి రావాలి, నీ కలంలోంచి కాదు.

ఇక్కడే పోలికల సంగతి. బ్యాగ్‌పైపుని మన తిత్తితో పోల్చావు. భేష్. మేకతోలు తిత్తి ఊది, చంక కింద పెట్టుకుని, జానపద కథకులకు శ్రుతి పట్టే వాద్యం మనకుంది. అది నిజంగా దాని బంధువే. పాఠకుడి చెవికి వెంటనే ఆ నిలకడ స్వరం వినిపిస్తుంది. కానీ ఏడో పేజీలో 'ఆస్ట్రేలియా ఘంటసాల' అన్నావు చూడు, అది కొట్టేశాను. ఏ రకంగా? ఇద్దరూ పాడారు. అంతేనా? తెలిసినవాడితో పోలిస్తే తెలియనివాడు దగ్గరవుతాడనుకుంటాం. వాడు మాయమై తెలిసినవాడే మళ్లీ కనపడతాడు.

అలాగే 'హోటల్'. 'వాళ్లు రోజూ హోటళ్లలో పాడేవారు' అని రాశావు. మా ఇంట్లో చదివినవాళ్లకి ఇడ్లీ ప్లేట్ల మధ్య ఆంగస్ గిటార్ వాయిస్తున్నట్టు కనపడింది. ఆస్ట్రేలియాలో హోటల్ అంటే మందు అమ్మే చోటు. విక్టోరియా రాష్ట్రంలో 1966 దాకా సాయంత్రం ఆరింటికే కట్టేయాలనే చట్టం ఉండేది. అది పోయాక రాత్రిళ్లు నింపడానికి బ్యాండులు కావలసి వచ్చాయి. వచ్చేవాడు తాగడానికి వస్తాడు, వినడానికి కాదు. వాడి చెవిలో పడాలంటే ఎంత గట్టిగా వాయించాలి? ఆ రాక్ సంగీతం అంత మొరటుగా, నిటారుగా ఎందుకుంటుందో ఈ ఒక్క పేరా చెప్తుంది. 'విప్లవాత్మక ధ్వని' అని నువ్వు మూడుసార్లు రాసినా చెప్పలేదు.

ఇక పుక్కిటి పురాణాలు. నువ్వున్న ఊళ్లోనే ఒకటుంది. 'హైవే టు హెల్' పాట పుట్టింది పెర్త్, ఫ్రీమాంటిల్ మధ్య కానింగ్ హైవే మీదేనని, ఆ పల్లం దిగి రాఫెల్స్ హోటల్‌కి వెళ్లేవాళ్లలో ఎందరో యాక్సిడెంట్లలో పోయారని, అందుకే ఆ పేరని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. బ్యాండు వాళ్లేమో నెలల తరబడి బస్సులో ఊళ్లు తిరిగే బతుకు గురించని చెప్పారు. నువ్వు ఈ పురాణాన్ని 'అబద్ధం' అని ఒక్క మాటతో తోసేశావు. తోసెయ్యకు. 2020 మార్చి 1న ఆ కానింగ్ హైవేని పది కిలోమీటర్ల మేర మూసేసి, లారీల మీద బ్యాండులు అతని పాటలు వాయిస్తుంటే లక్షమందికి పైగా జనం వచ్చారు. పాట ఆ రోడ్డు గురించి కాకపోవచ్చు, ఆ రోడ్డు మాత్రం ఇప్పుడు ఆ పాటదే. అబద్ధం అని తేల్చాక కూడా ఒక ఊరు దాన్ని ఎందుకు పట్టుకుని కూర్చుందో రాస్తే, అది బాన్ జీవితచరిత్రలో భాగమే. పుట్టిన ఊరి గొడవా అలాంటిదే. పుట్టింది 1946 జూలై 9న స్కాట్లండ్‌లో ఫార్‌ఫర్ ఆసుపత్రిలో, పెరిగింది పక్కనున్న కిరీమ్యూర్‌లో, అక్కడే వాళ్ల నాన్న బేకరీ. విగ్రహం పెట్టుకున్నది కిరీమ్యూర్ వాళ్లు. రెండూ రాయి, ఒక వాక్యం చాలు.

తేదీల దగ్గర జాగ్రత్త. 'హై వోల్టేజ్' పేరుతో రెండు ఆల్బమ్‌లున్నాయని నీకు తెలీదనుకుంటాను. 1975లో ఆస్ట్రేలియాలో వచ్చింది ఒకటి, 1976లో బయటి దేశాలకు వెళ్లింది ఇంకొకటి. రెండోదాంట్లో ఎక్కువ పాటలు 'టీఎన్‌టీ' అనే వేరే ఆస్ట్రేలియా ఆల్బమ్‌వి. నువ్వు ఒకదాని తేదీ, రెండోదాని పాటలు కలిపేశావు. 'డర్టీ డీడ్స్' ఆస్ట్రేలియాలో 1976లో వస్తే, అమెరికాలో విడుదలైంది 1981లో, అంటే మనిషి పోయిన ఏడాదికి. అది అక్కడ మూడో స్థానం దాకా ఎక్కింది. ఏ దేశంలో అన్నది లేకుండా ఇతని గురించి ఏ తేదీ రాయకు.

కాగితాలు ఎక్కడ వెతకాలి అన్నావు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల పాత పత్రికల వెబ్‌సైటు 'ట్రోవ్' నీకు తెలిసిందే. కానీ అందులో చాలా పత్రికలు కాపీరైటు మూలంగా 1954 దగ్గర ఆగిపోతాయి. అక్కడ వెతికి 'అతని గురించి ఏమీ రాయలేదు' అనుకోకు. కాన్‌బెరా టైమ్స్ 1995 దాకా, విమెన్స్ వీక్లీ 1982 దాకా ఉన్నాయి. మిగతావాటికి పెర్త్ స్టేట్ లైబ్రరీలో మైక్రోఫిల్ము తిప్పాల్సిందే. మెడ నొప్పి పుడుతుంది, జండూబామ్ పట్టుకెళ్లు. వాలెంటైన్స్ రోజులకైతే 'గో-సెట్' అనే మెల్‌బోర్న్ వారపత్రిక, 1966 నుంచి 74 దాకా నడిచింది. ప్రకటనలు చదువు, వ్యాసాల కన్నా. ఏ రాత్రి ఎక్కడ, టిక్కెట్టెంత, పోస్టరులో ఎవరి పేరు ఎన్నో వరసలో ఉంది. పేరు కిందనుంచి పైకి జరగడాన్ని మించిన కెరీర్ గ్రాఫు లేదు. మరో సంగతి: కౌంట్‌డౌన్ తొలి ఏళ్ల టేపులు చాలా వాటి మీద ఏబీసీ వాళ్లు పొదుపు కోసం వేరేవి రికార్డు చేసేశారు. కాబట్టి ఇప్పుడు దొరికే నాలుగు క్లిప్పులే అతని 1975 అనుకోకు. మిగిలింది అదే, జరిగింది అంతే కాదు.

ఇప్పుడు కష్టమైన చోటు. 1963లో పోలీసు కేసు. నువ్వు 'కుర్రతనం అల్లరి' అని దాటించావు. పోలీసులకి తప్పుడు పేరు చెప్పడం, కస్టడీ నుంచి పారిపోవడం, పెట్రోలు దొంగతనం వరకూ అల్లరి అంటే సరిపెట్టుకుంటాను. నాలుగో ఆరోపణ ఉంది, చట్టం ఒప్పుకోని వయసు అమ్మాయితో సంబంధం. తొమ్మిది నెలలు రివర్‌బ్యాంక్ అనే బాలనేరస్థుల సంస్థలో ఉన్నాడు. అన్నీ రాయి, అదీ పొడిమాటల్లో. సమర్థించకు, వీరగాథ చెయ్యకు. ఆ అమ్మాయి పేరు నీకెక్కడన్నా దొరికినా రాయకు. ఆమె బతుకు నీ పుస్తకానికి ముడిసరుకు కాదు. అతని పాటల్లో ఆడవాళ్ల గురించి ఉన్నవి చదివినప్పుడు నీకు చిరాకేసిందని ఫోన్లో చెప్పావు, పేజీల్లో లేదు. ఉండాలి. ఆ ద్వంద్వార్థాల సరదా మనకి కొత్తేం కాదు, చాటుపద్యాలు వల్లెవేసిన జాతి మనది. ఆ చమత్కారం తెలుగు చెవికి పట్టేలా చెప్పు, నవ్వించు, ఆ నవ్వు నీకెక్కడ ఆగిపోయిందో కూడా చెప్పు. భార్య ఐరీన్ థార్న్‌టన్ తన జ్ఞాపకాలు తనే పుస్తకంగా వేసుకుంది. విడిపోయాక కూడా అతను ఆమెకి ఉత్తరాలు రాస్తుండేవాడు. స్టేజీ మీద చొక్కా విప్పి అరిచే మనిషి రాత్రి గదిలో కూర్చుని కాగితం మీద కుశలం అడుగుతున్నాడు. నువ్వు ఈ రెండో మనిషి కోసం ఎక్కువ వెతికావా, మొదటివాడి కోసమా?

సరే, చివరికి ఆ రాత్రి దగ్గరికి రాక తప్పదు. వచ్చినప్పుడు తెలిసింది తెలిసినట్టు రాయి. కామ్డెన్‌లో మ్యూజిక్ మెషీన్ అనే క్లబ్బుకి వెళ్లాడు. తెల్లవారుజామున నిద్రలోంచి లేపలేక స్నేహితుడు కారులోనే వదిలేశాడు. ఆ రోజు సాయంత్రం కింగ్స్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. మితిమీరి తాగిన మద్యం విషమైందని, ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని కరోనర్, అంటే మరణ విచారణాధికారి, తేల్చాడు. దాని మీద నలభై ఏళ్లుగా రకరకాల కథలు నడుస్తున్నాయి. నువ్వు ఇంకోటి కలపకు. ఆ కారులో ఏమనుకున్నాడో, ఎవరు గుర్తొచ్చారో మనకి తెలీదు, రాసే హక్కూ లేదు. అరపేజీ చాలు. నేను కాలవగట్టుకి పద్దెనిమిది పేజీలిచ్చాను.

ఆ అరపేజీ తర్వాత ఫ్రీమాంటిల్ వెళ్లు. కొడుకు అస్థికలు సమాధి చేశాక, బ్యాండు ఆపొద్దని తండ్రి చిక్ చెప్పాడని మాల్కమ్ చెప్పుకున్నాడు. కొత్త గాయకుడిగా బ్రయన్ జాన్సన్ వచ్చాడు, జూలై 25కల్లా నల్ల అట్టతో 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ వచ్చింది. ఆ విజయం వేరే పుస్తకం, నీది కాదు. నీ పుస్తకంలో మిగిలింది ఆ తండ్రి. పైప్ బ్యాండులో కొడుకు పక్కన డ్రమ్ము వాయించిన మనిషి. చిక్ గురించి నీ నలభై పేజీల్లో రెండే వాక్యాలున్నాయి.

పోయిన వారం సమాధి ఫోటో పంపావు, 2006లో నేషనల్ ట్రస్ట్ వాళ్లు వారసత్వ జాబితాలో పెట్టిన చోటది అని గర్వంగా రాశావు. పలక ముందు బీరు సీసాలు, గిటారు మీటే పిక్కులు, ఎవరో పెట్టిన జెండా. బాగుంది, దాచుకో. నాకు మాత్రం ఆ తూకం మిషన్ల సంగతి కనుక్కుని పంపు. అరవైల నాటి కాటా ఒకటి ఏ మ్యూజియంలోనన్నా ఉంటే దాని దగ్గర నిలబడి, అడుగున ఏముందో చూసి రాయి. ఫోటో వద్దు. దీపావళి లోపల వస్తే కంటి ఆపరేషనుకి ముందే చదువుతాను.

ఉంటాను.
మాస్టారు

తా.క.: ఏడో పేజీలో 'బోన్' అని, పదమూడులో 'బాన్' అని, ముప్పైలో మళ్లీ 'బోన్' అని ఉంది. అసలు పేరు రొనాల్డ్ అనీ, సన్‌షైన్ బళ్లో ఇంకో రొనాల్డ్ ఉన్నాడని, స్కాట్లండ్ నుంచి వచ్చాడు కదాని 'బానీ స్కాట్లండ్' అని పిలిచారనీ, అందులోంచి వచ్చిన పేరనీ నువ్వే రాశావు. అయితే బాన్. అన్నిచోట్లా దిద్దుకో.